చలికి పెళుసెక్కు ఉక్కు

ఉక్కు అనగానే మన మనస్సునకు తోచునది బలము. దృఢమైన సంకల్పమును ఉక్కు సంకల్పమందుము. కండలు తిరిగిన దేహమును ఉక్కు దేహమందుము. గాజు పగులును, కుండ పగులును, ఎండుకట్టె విరుగును. ఉక్కు మాత్రము మితిమీరిన బరువు పడినప్పుడు వంగునే కాని గాజువలె పగులదని సామాన్యుల నమ్మకము. ఈ నమ్మకము సగమే నిజము. తక్కిన సగమును తెలిసికొనుటకు మానవులు గొప్ప మూల్యమునే చెల్లింపవలసివచ్చెను.

1943వ సంవత్సరము జనవరి 16వ తేదీ. రెండవ ప్రపంచయుద్ధము ముమ్మరముగా సాగుచున్న దినములవి. అమెరికాలోని పోర్టులాండు నగరమున, నదిలో, ఒక నౌకానిర్మాణశాల రేవునందు ‘స్కెనెక్టడీ’ అను క్రొత్త ఓడ మోకులతో బంధింపబడి నిలిచియుండెను. అది చమురును మోయు ఓడ. పొడవు సుమారు 160 మీటర్లు. అప్పుడే సముద్రముమీద పరీక్షాప్రయాణమును ముగించుకొని వచ్చినది. తుపాను లేదు, అలలు లేవు, శత్రువుల గుండ్లు లేవు. అకస్మాత్తుగా ఒక మైలు దూరము వినబడునంతటి చప్పుడుతో ఆ ఓడ నడిమికి పగిలెను. పైకప్పునుండి ప్రక్కగోడల మీదుగా పగులు క్రిందివరకు దిగెను. ముందుభాగమును వెనుకభాగమును నదిగర్భమునకు క్రుంగగా, నడుము నీటిపైకి లేచెను. అడుగు రేకులు మాత్రము వీడక, రెండు సగములను పట్టుకొనియుండెను.

ఆనాడు అక్కడి గాలి ఉష్ణోగ్రత సున్నకు దిగువ 3 డిగ్రీలు. నీటి ఉష్ణోగ్రత 4 డిగ్రీలు. ఈ రెండంకెలను మీరు గుర్తుంచుకొనవలెను. ఆ దినమున వీనిని పట్టించుకొన్నవారు మిక్కిలి తక్కువ.

అది ఒక్క ఓడకు పట్టిన దుర్దశ కాదు. యుద్ధమునకు కావలసిన సరకులను సముద్రములు దాటించుటకై అమెరికా 1941 మొదలు 1945 వరకు ‘లిబర్టీ’ ఓడలు అను పేరుతో 2,700లకు పైగా ఓడలను నిర్మించెను. పూర్వము ఓడల రేకులను ఒకదానితో నొకటి కలుపుటకు రంధ్రములు చేసి, ఎఱ్ఱగా కాల్చిన మేకులను దిగగొట్టెడివారు. ఆ మేకులకే రివెట్లని పేరు. అది మెల్లగా సాగు పని. లిబర్టీ ఓడలలో ఆ పద్ధతిని చాలవరకు మాని, రేకుల అంచులను కరగించి అతుకు వెల్డింగు పద్ధతిని అవలంబించిరి. నెలల తరబడి సాగు పని వారములకు తగ్గెను. ఒక ఓడనైతే అయిదు దినములైనను పట్టకుండ నీటికి దించిరి! కాని ఆ కాలపు ఓడలలో దాదాపు 1,500 పర్యాయములు పెద్ద పగుళ్ళు కనబడెను. కొన్ని ఓడలు పూర్తిగా రెండు తునకలయ్యెను. 1943 నవంబరులో, అలాస్కా తీరమునందలి శీతల సముద్రములో, ‘జాన్ పి. గెయిన్స్’ అను లిబర్టీ ఓడ విరిగి పదిమంది ప్రాణములను బలిగొనెను.

తప్పు ఎవరిది? అందఱి వ్రేళ్ళును అతుకువారివైపే చూపెను. వారిలో అనేకులు యుద్ధకాలమున క్రొత్తగా పని నేర్చిన స్త్రీపురుషులు. పని తొందరలో అతుకులు సరిగా వేయలేదనిరి. అందు కొంత నిజము లేకపోలేదు. అయినను, కారణము తెలియని వేళ నేరమును చిన్నవారి నెత్తిన మోపుట లోకమున తఱచుగా జరుగునదే.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కాన్‌స్టన్స్ టిప్పర్ అను విదుషి యుండెను. ఆమె 1894లో జన్మించి, 101 సంవత్సరములు జీవించినది. స్త్రీలకు యంత్రశాస్త్రమేమిటని ప్రశ్నించు ఆ రోజులలో ఆమె లోహములను చీల్చి, సూక్ష్మదర్శినితో చూచి, వాని స్వభావమును శోధించెను. పగిలిన ఓడల రేకులు ఆమె చేతికి వచ్చెను. ఆమె అడిగిన ప్రశ్న ‘అతుకు ఎవరు వేసిరి?’ అని కాదు. ‘ఈ ఉక్కు ఎంత చలిలో పగిలినది?’ అని. పరీక్షింపగా, వెచ్చగానున్నప్పుడు చక్కగా వంగి సాగుచుండిన ఉక్కే, చల్లబడినప్పుడు పింగాణివలె తునియుచున్నట్లు తేలెను. మూలదోషము కేవలము అతుకులో లేదు, ఉక్కులోనే యున్నది. అది చలిలో బయటపడుచున్నది.

అతుకు చేసిన అపకారము వేఱొకటి. రివెట్లు కొట్టిన ఓడలో ఒక రేకు పగిలినచో, ఆ పగులు ఆ రేకు అంచుకు వచ్చి ఆగిపోవును. అతికిన ఓడ ఆసాంతము ఒకే రేకు వంటిది. పగులునకు అడ్డు లేదు. ఉక్కులో ఇట్టి పగులు సెకనుకు దాదాపు ఒక కిలోమీటరు వేగముతో పరుగెత్తగలదు. ‘అయ్యో’ అనులోపల ఓడ రెండగును.

ఒకప్పుడు నేను తరగతిలో ఈ కథ చెప్పగా ఒక బాలుడు లేచి, “మాస్టారూ! చలికి మనము వణుకుదుము, ఉక్కు ఎందుకు పగులును?” అని అడిగెను. మంచి ప్రశ్నయే. వానికి నేను చెప్పిన సమాధానమునే కొంచెము విస్తరించి మీకును చెప్పెదను.

మీ ఇంటిలో బెల్లపుపాకము పట్టునప్పుడు చూచియుందురు. వేడిగానున్న ముదురుపాకమును గరిటెతో ఎత్తిన తీగవలె సాగును. దానినే పళ్ళెములో పోసి చల్లార్చిన పిమ్మట వంచబోయినచో ఫట్టున విరుగును. పదార్థ మదియే, మారినది ఉష్ణోగ్రత. ఉక్కు పాకము కాదు, దాని లోపలి అమరిక వేఱు. కాని వేడిలో సాగుట, చలిలో విరుగుట అను రెండు గుణములును ఒకే వస్తువునందుండగలవని గ్రహించుటకు ఈ పోలిక చాలును.

ఇక లోపలి సంగతి. ఇనుములో పరమాణువులు క్రమమైన వరుసలలో నుండును. ఘనము ఆకారమునందలి ఎనిమిది మూలలలో ఎనిమిదియు, నట్టనడుమ ఒకటియు చొప్పున అమరియుండును. ఇనుమును వంచినప్పుడు ఆ వరుసలు ఒకదానిపై నొకటి జారును. వరుస అంతయు ఒక్కసారిగా జారదు. పెద్ద తివాచీని నేలపై ఈడ్చుట కష్టము. ఒక అంచున ముడుత వేసి, ఆ ముడుతను చేతితో ముందునకు త్రోసికొని పోయినచో తివాచీ సులభముగా కదలును గదా! పరమాణువుల వరుసలలో కూడ అట్టి ముడుతలు కలవు. అవి పరుగెత్తినంతకాలము లోహము సాగును. ఇనుములో ఈ ముడుతలు కదలుటకు పరమాణువుల వేడి కదలిక తోడ్పడవలెను. చలిలో ఆ తోడు తగ్గును, ముడుతలు బిగుసుకొనిపోవును. అప్పుడు వరుసలు జారుటకు మాఱుగా, ఒకదానినుండి ఒకటి విడిపోవును. అదియే పగులు. రాగి, అల్యూమినియము మొదలగు లోహములలో అమరిక వేఱు. అందలి ముడుతలకు వేడి తోడు అంతగా అక్కఱలేదు. కావుననే అవి గడ్డకట్టు చలిలోను సాగుడు గుణమును కోల్పోవు.

పగిలిన ముఖమును చూచియే నిపుణులు ఉక్కు ఎట్లు తెగినదో చెప్పగలరు. సాగి తెగిన ముఖము మసకగా, నారవలె నుండును. పెళుసుగా పగిలిన ముఖము కలకండ పలుకులవలె తళతళలాడును. అంతేకాక, అట్టి ముఖముమీద బాణపు ములుకుల వంటి గీతలు వరుసగా కనబడును. అవన్నియు పగులు మొదలైన చోటువైపు చూపుచుండును. ఆ బాణములను పట్టుకొని వెనుకకు పోయిన పరిశోధకులు తఱచుగా చేరినచోటు ఓడ పైకప్పులో సరకు దింపు చతురస్రపు ద్వారము యొక్క మూల, లేదా ఒక చెడ్డ అతుకు.

మూలలోనే ఏల? గుడ్డల దుకాణములో వర్తకుడు గుడ్డను చింపుట జ్ఞాపకము తెచ్చుకొనుడు. ఊరక లాగిన అది చిరుగదు. అంచున కత్తెరతో చిన్న గంటు పెట్టి లాగిన చర్రున చిరుగును. లాగుడు బలమంతయు ఆ గంటు మొనయొద్దకు చేరును. చతురస్రపు మూలయు అట్టి గంటే. కనుక ఆ పిమ్మట మూలలను గుండ్రముగా చేయసాగిరి. పగుళ్ళ నాపుటకై అక్కడక్కడ రివెట్లు కొట్టిన పట్టీలను కూడ బిగించిరి.

ఇప్పుడు రెండు గుణములను వేఱుచేసి చూడవలెను. కడ్డీని రెండువైపుల లాగినచో ఎంత లాగుడును తట్టుకొనునో అది దాని బలము. గంటు పడిన కడ్డీ, ఆ గంటు పగులుగా పెరుగకుండ ఎంత తట్టుకొనునో అది వేఱొక గుణము. దానిని మనము పగులు నోర్చు శక్తి యందము. క్లుప్తముగా ‘ఓర్పు’ అనవచ్చును. ఆశ్చర్యమేమనగా, ఉక్కు చల్లబడినకొలది దాని బలము పెరుగును, ఓర్పు తగ్గును. లాగి చూచు పరీక్షలో నెగ్గిన ఉక్కే చలిలో మోసము చేయును. ఓడలు కట్టినవారు బలమును కొలిచిరి, ఓర్పును కొలువలేదు.

ఓర్పును కొలుచు ఉపాయము అప్పటికే లేకపోలేదు. ఫ్రాన్సు దేశీయుడైన జార్జి షార్పీ 1901 నాటికే దానిని చక్కగా రూపొందించెను. చిటికెనవ్రేలంత ఉక్కుకడ్డీని తీసికొని, నడుమ 2 మిల్లీమీటర్ల లోతు గంటు పెట్టుదురు. ఇప్పటి వాడుకలో ఆ కడ్డీ పొడవు 55 మిల్లీమీటర్లు, వెడల్పు, మందము 10 మిల్లీమీటర్లు. దానిని నిలిపి, ఎత్తునుండి బరువైన లోలకమును ఊపి వదలుదురు. లోలకము కడ్డీని విరిచి ఆవలివైపుకు లేచును. కడ్డీ పెళుసైనచో లోలకము ఆవల చాల ఎత్తునకు పోవును. ఓర్పుగలదైనచో శక్తిని త్రాగివేయును గనుక లోలకము కొంచెమే లేచును. ఈ భేదమే కొలత. ఇదే పరీక్షను వేడినీటిలో ముంచిన కడ్డీతోను, మంచులో నుంచిన కడ్డీతోను, ఇంకను చల్లబఱచిన కడ్డీతోను చేసి, ఫలితములను కాగితముపై గుర్తించినచో ఒక వింత గీత ఏర్పడును. వేడివైపు ఎత్తైన మెట్ట, చలివైపు పల్లము, నడుమ నిట్రమైన వాలు. ఆ వాలునే మార్పు ఉష్ణోగ్రత యందురు.

పగిలిన ఓడల రేకులను ఇట్లు పరీక్షింపగా, ప్రమాదమునాటి ఉష్ణోగ్రతయందు సుమారు 20 జౌళ్ళ శక్తినైనను త్రాగలేని రేకులలోనే పగుళ్ళు పుట్టినట్లు తెలియవచ్చెను. ఇరువది జౌళ్ళనగా, ఒక కిలో బరువును రెండు మీటర్లు ఎత్తుటకు పట్టు శక్తి. మంచి ఉక్కు వెచ్చగానున్నప్పుడు 100 జౌళ్ళకు మించి త్రాగగలదు.

ప్రతి ఉక్కునకును ఈ వాలు ఒకచోటనే యుండదు. అందున్న బొగ్గుపాలు, గంధకము, భాస్వరము మొదలగు మాలిన్యములు, లోపలి రేణువుల పరిమాణము, రేకు మందము, కాల్చి చల్లార్చిన విధము – ఇవన్నియు దానిని అటునిటు జరుపును. రేణువులు సన్ననైన ఉక్కు మంచిది. నికెలు కలిపిన మఱియు మంచిది. నూటికి 9 పాళ్ళు నికెలు కలిపిన ఉక్కుతో, సున్నకు దిగువ 162 డిగ్రీల చలిలోనుండు ద్రవ సహజవాయువును నిలువచేయు తొట్లను కట్టుదురు. మన శ్రీహరికోటనుండి ఎగురు పెద్ద రాకెట్లలో ద్రవ ఉదజని సున్నకు దిగువ 253 డిగ్రీలలో నుండును. అట్టిచోట మామూలు ఉక్కు పనికిరాదు. అల్యూమినియపు మిశ్రలోహమును వాడుదురు.

కాబట్టి ‘చలి’ అను మాటను మనము మన చర్మముతో కొలువరాదు. మనకు డిసెంబరు నెలలో లంబసింగి కొండలపై వేయు చలి, ఒక మంచి ఉక్కునకు ఉగాది వెచ్చదనమే కావచ్చును. మనము చెమట తుడుచుకొను వేళ వేఱొక ఉక్కునకు గడ్డు శీతకాలమే కావచ్చును. ప్రతి ఉక్కునకును దాని చలికాలము దానికే యుండును.

ఈ సంగతి తెలిసిన తరువాతను పొరపాట్లు ఆగలేదు. రసాయన కర్మాగారములలోను, విద్యుత్కేంద్రములలోను ఆవిరిని, వాయువులను గొప్ప పీడనముతో బంధించి యుంచు దళసరి ఉక్కు పాత్రలుండును. వీనికి పీడనపాత్రలని పేరు. పని మొదలిడుటకు పూర్వము వానిని నీటితో నింపి, వాడుకకు మించిన పీడనము పెట్టి పరీక్షింతురు. వాయువుతో ఏల పరీక్షింపరు? వాయువు నొక్కుకొనిపోయి విల్లువలె శక్తిని దాచుకొనును. నీరు అంతగా నొక్కబడదు. పాత్ర పగిలినను నీటితో ముప్పు తక్కువ.

1965 డిసెంబరులో ఇంగ్లండునందు, అమ్మోనియా తయారుచేయు కర్మాగారమునకై నిర్మించిన పెద్ద పీడనపాత్రను ఇట్లే పరీక్షించుచుండిరి. గోడ మందము సుమారు 15 సెంటీమీటర్లు. అనగా జానెడుకన్న తక్కువ. నీరు చల్లగానుండెను. పీడనము గాలిపీడనమునకు 300 రెట్లు దాటినది. ఇంకను చేరవలసిన హద్దు చేరకమునుపే పాత్ర ప్రేలి తునకలయ్యెను. సుమారు 2 టన్నుల తునక ఒకటి కర్మశాల గోడను చీల్చుకొని సుమారు 46 మీటర్ల దూరమున పడెను. వెదుకగా, అతుకు దగ్గర ఒక సెంటీమీటరు మాత్రమే పొడవుగల చిన్న పగులు దీనికి మూలమని తెలిసెను. దళసరి గోడ బలమైనదని మనము నమ్ముదుము. కాని దళసరి ఉక్కులో పగులు మొన నలుదిక్కుల బిగింపబడి, ప్రక్కలకు సాగుటకు వీలుండక, మఱింత పెళుసుగా ప్రవర్తించును. అందుచేత ఇట్టి పరీక్షలలో నీటిని ముందుగా వెచ్చచేయుట నేడు తెలివిగల పద్ధతిగా భావింపబడుచున్నది. స్నానమునకు మనము కాచుకొనునట్లే పాత్రకును నీళ్ళు కాచవలెను!

ఇంతవరకు ఉక్కు పుట్టుకతో తెచ్చుకొన్న చలికాలమును గూర్చి చెప్పితిని. కొన్నిచోట్ల ఆ చలికాలము ఏటేట పెరుగును. అణువిద్యుత్కేంద్రమున ఇంధనమును చుట్టియుండు పీడనపాత్ర అట్టిది. ఇంధనమునుండి వెలువడు న్యూట్రానులు పాత్రగోడను రేయింబవళ్ళు తాకుచు, పరమాణువులను వాని స్థానములనుండి తన్నివేయుచుండును. అంతట ముడుతల దారికి అడ్డంకు లేర్పడును. మార్పు ఉష్ణోగ్రత మెల్లమెల్లగా పైకి ప్రాకును. అతుకుతీగ తుప్పు పట్టకుండుటకై దానికి రాగిపూత పూయు అలవాటు పూర్వముండెను. ఆ కొంచెపు రాగియే పాత్ర అతుకులలో చేరి, ఈ పెళుసుతనమును మఱింత త్వరపఱచునని తరువాత తేలెను. తుప్పును తప్పించుటకు చేసిన పని తుదకు ఇట్లు పరిణమించెను. అమెరికాలో 1985లో చేసిన నిబంధన ప్రకారము, మార్పును తెలుపు ఆ ఉష్ణోగ్రత నిలువు అతుకులలోను రేకులలోను 132 డిగ్రీలు, అడ్డు అతుకులలో 149 డిగ్రీలు చేరకమునుపే ప్రత్యేక పరిశీలన జరుపవలెను. అనగా నీరు మరుగు వేడిలోను ఒక ఉక్కు చలికాలములో నుండవచ్చునన్నమాట!

పాత్ర పని చేయునప్పుడు దాదాపు 300 డిగ్రీల వేడిలో నుండును గనుక భయము లేదు. భయమెల్ల అది హఠాత్తుగా చల్లబడినప్పుడే. వెలుగుచున్న లాంతరు చిమ్నీపై ఒక నీటిబొట్టు పడిన ఏమగునో చూచినవారికి దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు. లోపలి ముఖము చల్లబడి కుంచించుకొనగోరును, వెలుపలి భాగము వేడిగనే యుండి దానిని కుంచించుకొననీయదు. అంతట లోపలి ముఖము లాగబడి, అక్కడ పగులున్నచో నోరు తెఱచును.

1978 మార్చి 20వ తేదీన కాలిఫోర్నియాలోని రాంచో సెకో కేంద్రమున ఇట్టి ఘట్టమే సంభవించెను. అదుపుగదిలో ఒక చిన్న దీపపు బల్బును మార్చుచుండగా అది చేజారి పడెను. దానిచే విద్యుత్తు దారి తప్పి, అనేక పరికరములు తెలివితప్పినట్లయ్యెను. పరికరములు చెప్పునది నమ్మదగదు. యంత్రములు తమంత తాము చల్లని నీటిని పంపెను. సుమారు ఒక గంటలో వ్యవస్థలోని నీరు 300 డిగ్రీల పై వేడినుండి 140 డిగ్రీలవరకు దిగెను. పీడనమేమో దాదాపు మునుపటియంతయే. చలియు, లాగుడును ఒక్కసారిగా కూడివచ్చినవి. ఆ పాత్ర పనికి వచ్చి కొన్ని ఏండ్లే యయ్యెను. న్యూట్రానుల దెబ్బ దానికింకను అంతగా తగులలేదు. దాని ఓర్పు చెడలేదు. పాత్ర నిలిచెను. అదే ఘట్టము ముప్పది ఏండ్లు పాతబడిన పాత్రలో జరిగియుండిన ఏమయ్యెడిదో యని ఇంజనీర్లు చాలకాలము లెక్కలు వేసిరి.

చెడిన ఓర్పును మరల రప్పించు ఉపాయమొకటి కలదు. 1980లనాడు సోవియట్ రష్యాలో కొన్ని పాతబడిన పాత్రలను ఖాళీచేసి, వాని గోడను 400 డిగ్రీలు దాటునట్లు కొన్ని దినములపాటు కాచిరి. ఆ వేడికి తప్పిపోయిన పరమాణువులు చాలవరకు తమ చోట్లకు చేరెను. ఇది కొలిమిలో కమ్మరి చేయు పనికి పెద్దన్న వంటిది.

అయినను పాత్ర నడుచుచుండగా దాని ఓర్పు ఎంత మిగిలినదో తెలియుటెట్లు? పాత్రను విరిచి చూడలేము. అందులకు నిర్మాణకాలమునందే ఒక ఏర్పాటు చేయుదురు. ఆ పాత్ర ఉక్కుతోనే, ఆ అతుకు లోహముతోనే చేసిన చిన్న కడ్డీలను – షార్పీ కొలతల కడ్డీలనే – డబ్బీలలో పెట్టి, పాత్ర లోపల గోడ దరిని వ్రేలాడదీయుదురు. గోడకన్న అవి ఇంధనమునకు కొంచెము దగ్గరగా నుండును. కనుక గోడకు రేపు తగులనున్న దెబ్బ వానికి నేడే తగులును. కొన్ని ఏండ్ల కొకసారి ఒక డబ్బీని తీసి, దళసరి సీసపుగోడల చాటున యంత్రహస్తములతో కడ్డీలను లోలకము క్రింద పెట్టి విరుతురు. వాలు ఎంత జరిగినదో గీత గీసి చూతురు. ఆ గీతను బట్టి ఆ పాత్రను ఏ వేగముతో చల్లార్చవలెను, ఎన్ని ఏండ్లు వాడవలెను అని నిర్ణయింతురు. మిగిలిన డబ్బీలు తమ వంతు వచ్చువరకు అక్కడనే, వేడి నీటి నడుమ, వేచియుండును.